ఆగే చోటు

తాళం తిప్పితే
రేకు మీద రంపం ఈడ్చినట్టు ఒక మోత,
ఆ తర్వాత ఏమీ లేదు.
దిగి, బండిని మూడో గేరులో పెట్టి,
ముందు బంపరు పట్టుకుని జానెడు కదిపేదాన్ని.
మళ్ళీ ఎక్కి తిప్పితే అందుకునేది.
నేర్చుకునేవాళ్ళు ఇదీ పాఠంలో భాగమే అనుకున్నారు.
కొందరికి నేర్పాను కూడా.

మే నెల. ఆటోనగర్.
ఖాజా మొహిద్దీన్ షెడ్డులో
నా డెబ్బై నాలుగు మోడల్ ఫియట్
గేరుబాక్సు దించుకుని, కడుపు ఖాళీగా,
నాలుగు మొద్దుల మీద కూచుంది.
యేసోబు క్లచ్చు విప్పి, ఫ్లైవీలు మోసుకొచ్చి
పాత టైరు మీద దించాడు,
చెట్టు మీంచి పనసకాయ దించినట్టు, ఊపిరి బిగబట్టి.

"చూడమ్మా" అన్నాడు ఖాజా
నల్లటి వేలితో రింగు చుట్టూ తడుముతూ.
నూరు పైచిలుకు పళ్ళలో
చాలావరకు కొత్తవాటిలానే ఉన్నాయి.
ఎదురెదురుగా రెండు చోట్ల మాత్రం
నమిలేసిన చెరుకు అంచులా.
"నాలుగు సిలిండర్ల ఇంజను ఎక్కడపడితే అక్కడ ఆగదు.
గాలి బిగిసిన చోట తగ్గిపోయి
ఎప్పుడూ ఆ రెండిట్లో ఒక చోటే ఆగుద్ది.
ఆగిన చోటే మళ్ళీ దెబ్బ.
మిగతా పళ్ళకి పనే తెలీదు."

ఇరవై తొమ్మిదేళ్ళ డ్రైవింగ్ స్కూలు.
ఆ దెబ్బలు ఎవరివో నాకు తెలుసు.
బ్యారేజీ మధ్యలో క్లచ్చు వదిలేసి
వెనక బస్సు హారనుకి కళ్ళు మూసుకున్న నీలవేణి.
బెంజి సర్కిల్లో ఏడుసార్లు ఆపి
ఎనిమిదోసారి నామీద అరిచిన
పోస్టుమాస్టరు శోభనాద్రి గారు.
ఇవాళ పది చక్రాల లారీ తోలే మరియదాసు కూడా.
వాళ్ళ భయమంతా
నా చూపుడువేలికి గరుగ్గా తగిలింది.

పాత రింగుకి డ్రిల్లుతో రెండు బెజ్జాలు వేసి
ఉలి పెట్టి ఒక్కటేశాడు ఖాజా.
విచ్చుకుంది.

కొత్తది చక్రానికి పట్టదు.
వెంట్రుకవాసి చిన్నది.
"చిన్నగా ఉండటమే దాని పని" అన్నాడు యేసోబు,
ఎవరి దగ్గర విన్నాడో.
గ్యాసు మంట రింగు చుట్టూ తిరుగుతోంది,
ఒక చోట నిలవకుండా.
"వరిగడ్డి రంగు రావాలి, అంతే.
నెమలికంఠం రంగొచ్చిందా, పళ్ళు మెత్తబడ్డట్టే."
ఫ్యాను ఆపేశారు.
గరుక్కాగితంతో మెరుగుపెట్టిన బెత్తెడు ఇనుముని
ముగ్గురం పొంగబోయే పాలని చూసినట్టు చూశాం.

వచ్చింది.
రెండు పట్టకార్లు, నాలుగు చేతులు.
టంగుమని కూచుంది.
నేను నీళ్ళ బకెట్టు అందుకోబోతే
ఖాజా చెయ్యి అడ్డం పెట్టాడు.
"వద్దమ్మా, తొందరపెడితే పగుల్తుంది.
దానంతటదే చల్లారాలి.
చల్లారతానే పట్టుకుంటది."
టీ తెప్పించాడు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

పాత రింగు తూకానికి వేస్తానన్నాడు.
ఇవ్వలేదు. ఇంటికి తెచ్చుకున్నాను.

సోమవారం పొద్దున్నే మీసేవ గుమాస్తా రమాతులసి
రైలు గేటు వైపు ఇండికేటరు వేసింది.
పదకొండేళ్ళుగా ఆ వైపు ఎవర్నీ పోనివ్వలేదు నేను.
"అటు కాదు, కుడికి" అంటాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.
ఇవాళ ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

గేటు పడి ఉంది.
ఆమె బ్రేకు తొక్కి, క్లచ్చు మరిచింది.
ఒక్క కుదుపు, బండి ఆగింది.
లోపల ఏ చోట ఆగిందో నాకు తెలుసు.
నా కాలు నా వైపు బ్రేకు మీద బిగిసి ఉంది.
గూడ్సు పోతోంది.
పెట్టెలు లెక్కపెట్టాను, ముప్పై దాటాక తప్పిపోయాను.
గేటు లేచింది. వెనక ఆటోవాడు హారను.

"మేడమ్, దిగి కదపనా?"

"అక్కర్లేదు. తిప్పు."

పట్టింది.